బోసిగడపల ఊరిలో గడపలమ్మ వెలసిన వైనం

పూర్వం, పెన్నకు దక్షిణాన రేగడి నేలలకూ రాతిగుట్టలకూ నడుమ ఉన్న కొండపాయ గ్రామాన్ని రాజధానిగా చేసుకొని, కదిరప్ప నాయకుడనే పాలెగాడు నలభై గ్రామాలను ధర్మబద్ధంగానే పరిపాలిస్తూ ఉండేవాడు. ధర్మబద్ధంగానే అని నొక్కి చెప్పడానికి కారణముంది. ఈ కథలో జరిగిన అయోమయమంతా దుర్మార్గుడి వల్ల కలిగింది కాదు, భక్తి కాస్త మోతాదు మించిన మంచివాడి వల్ల కలిగింది. ఆయన ఊరి పక్క గుట్టమీద జయదుర్గాంబకు ఆలయం కట్టించి, ముప్ఫై ఆరు స్తంభాల మండపం నిలిపి, నిత్యధూపదీప నైవేద్యాలకు ఏ లోటూ రాకుండా చూసుకొనేవాడు.

ఒక సంవత్సరం ఆ నాయకుడు పొరుగు సంస్థానంలో అమ్మవారి జాతర చూసి, ఆ జనసమ్మర్దానికి ముగ్ధుడై తిరిగివచ్చాడు. తన ఊరిలోనో, ఉగాదినాడు ప్రజలు ఎవరి ఇంట్లో వారు తలంటుకొని, గడపకు పసుపు రాసి, గుమ్మానికి నాలుగు మామిడాకులు గుచ్చి, వేపపూత పచ్చడి తిని, ఆ సీమలో ఓళిగలని పిలిచే బొబ్బట్లను నేతిలో ముంచుకు తిని, పిల్లాపాపలతో కబుర్లు చెప్పుకొంటూ ఒక కునుకు తీయడమే గాని, గుట్టెక్కి అమ్మవారి సన్నిధికి వచ్చేవారు పట్టుమని పదిమంది లేరని ఆయన గమనించాడు. ఆ గమనింపు ఆయన మనసులో ముల్లై కూర్చుంది. ఇకమీదట ఉగాది ఊరంతటికీ ఒక్కటే, అది గుట్టమీదనే. ఇళ్ళలో పొయ్యి వెలిగించరాదు, గడపకు పసుపు గాని గుమ్మానికి తోరణం గాని ఉండరాదు, ఆకూ పూతా బెల్లమూ అన్నీ మండపానికే చేరాలి. మీరినవారిని కుటుంబంతో సహా పొలిమేర దాటిస్తాం, అని చాటింపు వేయించాడు. న్యాయం అందరికీ ఒక్కటే గనుక తన కోట గుమ్మానికి కూడా ఆ ఏటినుంచి ఒక్క ఆకైనా కట్టనివ్వలేదు.

మొదటి సంవత్సరం జనం సంతోషంగానే గుట్టెక్కి, పెద్ద పంక్తుల్లో కూర్చొని కడుపునిండా తిని దిగివచ్చారు. చిక్కు వచ్చింది దిగివచ్చాకనే. మన దేశంలో పండుగపూట గడప బోసిగా ఉన్నదంటే దానికి అర్థం ఒక్కటే, ఆ ఇంట్లో ఆ ఏడు ఎవరో కాలంచేశారని. కూతురిని చూడడానికి పొరుగూరి నుంచి వచ్చిన ఒక తండ్రి వీధి మొదట్లోనే బోసిగడపను చూసి గుండెలు బాదుకొని ఏడుస్తూ లోపలికి పోతే, కూతురు నవ్వుతూ మంచినీళ్ళిచ్చింది; ఆయనకు ఏడుపు ఆపడానికి చాలాసేపు పట్టిందట. ఎడ్లబండ్ల మీద ఉప్పు తెచ్చిన వర్తకులు ఊరంతా బోసిగా ఉండడం చూసి మహమ్మారి సోకిందనుకొని అటునుంచి అటే మళ్ళిపోయారు. ఇంటివారికి తెలుసు తమ ఇంట్లో అందరూ క్షేమమేనని, అయినా సాయంత్రం గడప దాటేటప్పుడు ఎందుకో ఒకరినొకరు లెక్కపెట్టుకొన్నారు.

గుట్టమీద సంగతి ఇంకా వింత. రెండవ సంవత్సరం నైవేద్యానికి పెట్టిన ఎసరు ఎంత మంట పెట్టినా మరగలేదు. అర్చకస్వామి శాంతిమంత్రాలు చదివాడు, కట్టెలు మార్పించాడు, వంటవాళ్ళను మార్పించాడు, చివరకు గుండిగనే మార్పించాడు, ప్రయోజనం లేకపోయింది. నాయకుడు అర్చకుణ్ణి అడిగితే ఆయన జ్యోతిష్కుణ్ణి చూపించాడు. జ్యోతిష్కుడు పంచాంగం అటూ ఇటూ తిప్పి, తిథిలో దోషం లేదు, నక్షత్రంలో దోషం లేదు, దోషమెక్కడో నాకూ తోచడం లేదు ప్రభూ అని చేతులెత్తేశాడు. ఆ చివరి ముక్క చెప్పినందుకు ఆ జ్యోతిష్కుడంటే నాకు గౌరవం.

ఆ ఊరి పడమటి వీధిలో గంగప్ప అనే మేదరి, భార్య సుంకమ్మతోనూ ముదుసలి తల్లి ఓబులమ్మతోనూ కలిసి, వెదురు చేటలూ గంపలూ అల్లుకొని జీవించేవాడు. ఓబులమ్మకు ఎనభై ఏళ్ళు దాటాయి, కాళ్ళు పడిపోయాయి, రెండవ ఉగాది గడిచాక జ్ఞాపకం కూడా చెదిరిపోయింది. నిన్నటి మాట నేడు గుర్తుండదు, మనుషుల ముఖాలు ఒకటికొకటి కలిసిపోతాయి. ఆమె మంచం తలుపుకు ఎదురుగా ఉండేది గనుక, రోజులూ పండుగలూ ఆమెకు తెలిసేది గడపను బట్టే. పసుపు కనబడితే శుక్రవారమనీ, ఆకులు కనబడితే పండుగనీ ఆమె లెక్క.

మూడవ సంవత్సరం ఉగాదికి మూడు రోజుల ముందు నాయకుని బంట్లు వీధివీధీ తిరిగి, గుమ్మాలకు మిగిలిన ఎండుతోరణాలు తెంపి, గడపల పసుపును తడిగుడ్డతో తుడిచిపోయారు. మంచంలోనుంచి అది చూసిన ఓబులమ్మ కోడలిని పిలిచి, "ఎవురు పోయినారే సుంకీ?" అని అడిగింది. ఎవరూ పోలేదత్తా అని కోడలెంత చెప్పినా ఆమె వినలేదు. ఇంట్లో తానుంది, కోడలుంది. కనుక పోయినవాడు తన కొడుకే అయి ఉండాలని తీర్మానించుకొని, పుట్టెడు దుఃఖంతో అన్నం మానేసింది. గంగప్ప పరుగున వచ్చి తల్లి ముందు మోకరిల్లి, "అమ్మా, నేనే, గంగప్పను. నీ ముందరే ఉండా గదా, నా చెయ్యి పట్టుకొని చూడు," అన్నాడు. ఆమె ఆ చేతిని పట్టుకొని, ఆ ముఖం వంక జాలిగా చూసి, "నువ్వెవురో మంచోని మాదిరుండావు నాయనా. మావాని సావుకొచ్చినావా? ఎంత దూరం నుంచి వచ్చినావో, కూచో," అంది. బతికి ఉన్న కొడుకు తన చావుకు తానే పరామర్శకు వచ్చినవాడై తల్లి పక్కన కూర్చున్నాడు. ఇంతకన్న దిక్కుతోచని స్థితి మరొకటి ఉంటుందని నేననుకోను.

మూడు రోజులు గడిచేసరికి ఓబులమ్మ మంచినీళ్ళు కూడా ముట్టడం లేదు. ఉగాదినాటి ఉదయం ఊరంతా గుట్టకు బయలుదేరుతుండగా, సుంకమ్మ మామిడాకులు ఐదు కొంగులో దాచుకొని వచ్చి తలుపు మూసింది. "పొలిమేర దాటిస్తారే, తెలిసే చేస్తాండావా?" అన్నాడు గంగప్ప. "దాటిస్తే దాటిస్తారు. మనిషి బతికుంటే యాడన్నా గంపలల్లుకుంటాం. మీయమ్మ ఈ పొద్దు గూడ తినకపోతే రేపటికి ఉండదు," అని ఆమె జవాబు చెప్పి, వీధివారికి కనబడకుండా, మంచంలో ఉన్న అత్తకు మాత్రం కనబడేటట్టు, తోరణాన్ని గుమ్మానికి లోపలివైపు కట్టింది. గడప లోపలి అంచుకు పసుపు రాసి, ముగ్గు కూడా ఇంటి నట్టనడుమనే వేసింది. ఆపైన పొయ్యి రాజేసి, కొత్త చింతపండు పిసికి, బెల్లం తరిగి, మామిడికాయ ముక్కలు కోసి, వేపపూత చల్లి పచ్చడి కలిపి, నాలుగంటే నాలుగు ఓళిగలు కాల్చింది.

ఓబులమ్మ తోరణం వంక చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో ఆశ కదిలింది గాని నమ్మకం కుదరలేదు. ఆకులు ఎవరైనా కట్టవచ్చుగదా అన్నట్టు మళ్ళీ గోడవైపు తిరిగింది. సుంకమ్మ చేతిలోని పచ్చడి గిన్నె అలాగే ఉండిపోయింది. సరిగా అప్పుడే తలుపు తోసుకొని ఒక వృద్ధస్త్రీ, నుదుట కాసంత కుంకుమతో, బాగా అలసిపోయి లోపలికి వచ్చి, "ఈ ఇంట్లో పండగుండాదా తల్లీ?" అని అడిగింది. బయటికి కనబడని తోరణం ఆమెకెలా కనబడిందో ఆ క్షణాన ఎవరికీ తట్టలేదు, నాకు ఇప్పటికీ తట్టడం లేదు. పండుగపూట ఇంటికొచ్చిన మనిషిని ఎవరని అడగరు గనుక సుంకమ్మ పీటవేసి విస్తరి పరిచింది.

వచ్చినామె విస్తరి ముందు కూర్చొని, మంచంలోని ఓబులమ్మ వైపు తిరిగి, "ఏమ్మా, తినవేమి?" అని, కారణం విని, "పోయినోడైతే పిలిస్తే పలకడు గదా. పేరు పెట్టి ఒకసారి పిలిచి చూడరాదా?" అంది. మూడు రోజులుగా చూపించడమూ ఒప్పించడమూ తప్ప, పిలిచి చూడమన్న మాట ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఓబులమ్మ కళ్ళు మూసుకొని, బిడ్డ పొలిమేర దాకా ఆడుకోవడానికి పోయిన రోజుల్లో పిలిచినట్టే, సాగదీసి, "ఒరే గంగా!" అని పిలిచింది. "ఉండానమ్మా," అని పలికాడు గంగప్ప. ముఖం గుర్తుపట్టని తల్లి ఆ గొంతును గుర్తుపట్టింది. "యాడికి పోయినావురా ఇన్నిదినాలు!" అని వాడి తల దగ్గరికి లాక్కొని వెక్కివెక్కి ఏడ్చి, కోడలి చేతి పచ్చడిని తనే అడిగి నోట పెట్టించుకొంది.

ఇంతలో గుట్టమీద అర్చకస్వామి తెర తొలగించి చూస్తే పీఠం మీద అమ్మవారు లేదు. జనం గగ్గోలు పెట్టారు, బంట్లు నలుదిక్కులా పరుగెత్తారు. గుట్టమీదినుంచి చూస్తే ఊరంతటిలో ఒక్క ఇంటి కప్పునుంచి మాత్రమే పొగ లేస్తున్నది. కదిరప్ప నాయకుడు విగ్రహచోరుడు దొరికాడనుకొని తానే స్వయంగా కత్తి దూసి ఆ ఇంటికి వచ్చాడు. తీరా లోపల చూస్తే కన్నీళ్ళు పెట్టుకొంటూ ఓళిగలు తింటున్న ఒక కుటుంబమూ, ఒక ముసలి చుట్టమూ! దొంగతనానికి శిక్ష వేయాలో, తోరణానికి శిక్ష వేయాలో, అసలు వీళ్ళు ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తేల్చుకోలేక ఆయన గడపలోనే నిలబడిపోయాడు.

అప్పుడా వృద్ధస్త్రీ తలెత్తి, "నాయనా, నీ కోటగడప గూడ బోసిగానే ఉండాది. మీ ఇంట్లో ఎవురు పోయినారు?" అని అడిగింది. నాయకుని కళ్ళ ముందు తన ఇల్లాలూ ఇద్దరు కూతుళ్ళూ మెదిలారు. "ఎవరూ పోలేదమ్మా, అందరూ చల్లగా ఉన్నారు," అన్నాడు. "మరి నాకెట్ల తెలుస్తాది? మూడేండ్లుగా గుట్ట దిగి వీధివీధీ చూస్తాండా. ఊరంతా మైలే. మైలిండ్లలోనుంచి వచ్చింది నేనెట్ల ముట్టల్ల? ఈ పొద్దు ఒక్క ఇంట పండగ కనబడె, వచ్చి తింటి," అన్నదా తల్లి. నాయకుని చేతిలోని కత్తి జారి కింద పడింది. దానిని తీసుకోవడానికి వంగి లేచేసరికి పీట ఖాళీగా ఉంది, విస్తరిలో మెతుకు మిగలలేదు, గడప లోపలి పక్కన జానెడు ఎత్తున పసుపు పూసిన శిల ఒకటి ఉంది.

శిక్ష మాట ఎవరూ ఎత్తలేదు. దొర గడపలో నిలబడి ఉన్నాడు గనుక, వచ్చినవాడు వచ్చినట్టు పోకూడదని సుంకమ్మ ఆయన చేతిలో ఇంత పచ్చడి పెట్టింది. ఆయన అది తిని, కోటకు పోయి, తన గుమ్మానికి తానే తోరణం కట్టుకొన్నాడు. మరునాడు అర్చకుడు గుడి తెరిస్తే విగ్రహం పీఠం మీదే ఉంది. అసలు అమ్మవారు కదలనే లేదు, ఆనాడు ధూపం దట్టంగా ఉండి కనబడలేదంతే అని అర్చకుల వంశీయులు చెబుతారు. ఆ ఎంగిలి విస్తరి తమ తాతముత్తాతలు చూశారని మేదరవారు చెబుతారు. ఇద్దరి మాటా విన్నాక నాకు అయోమయం పెరిగిందే గాని తరగలేదు. ఆ శిల మాత్రం పడమటి వీధిలో నేటికీ ఉంది. ఆనాటినుంచి జయదుర్గాంబను గడపలమ్మ అనీ, ఆ గుట్టను గడపలమ్మ గుట్ట అనీ జనులు పిలుస్తున్నారు.

ఇప్పటికీ ఆ ఊరిలో ఏడాది పొడవునా తెరిచి ఉండే గుడికి ఉగాది ఒక్కనాడు తాళం వేస్తారు. దూరాన్నుంచి వచ్చిన యాత్రికులు తెల్లబోయి అర్చకుల ఇంటికి పోతే, అమ్మవారు పండక్కి ఊళ్ళోకి వెళ్ళింది, మీరూ ఏదో ఒక ఇంటికి వెళ్ళి తినండి అని చెబుతారు. ఏ ఇంటికి పోయినా తోరణం లోపలివైపే ఉంటుంది. విస్తళ్ళు వేశాక, పచ్చడి నోట పెట్టకముందు, ఆ ఇంటి పెద్దావిడ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది, పిలిచినవారు ఉన్నానని పలుకుతారు. చంకబిడ్డల తరఫున తల్లులు పలుకుతారు. అందరి పేర్లూ అయ్యాక గడపలమ్మా అని ఒకసారి పిలుస్తారు. ఎవరూ పలకరు. కాసేపు చూసి, ఇల్లాలు ఆమెకొక విస్తరి వేసి, ముందు అందులో వడ్డిస్తుంది.