ఎవరి చెయ్యీ అందని నెమలి

సముద్రం ఒడ్డున ఉన్న ఆ నేతగాళ్ళ ఊళ్ళో ముక్తలింగం ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ మాట ఊరు అనలేదు. వాళ్ళే అనుకున్నారు, వాళ్ళే నమ్మారు, ఇంటికొచ్చినవాళ్ళకు మంచినీళ్ళ కంటే ముందు ఆ మాటే అందించారు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. ముక్తలింగం, అతని భార్య చౌడమ్మ, తమ్ముడు సాంబలింగం. ముగ్గురి బుర్రలూ కలిపి తూచినా తమలపాకంత బరువు తూగవు.

వాళ్ళ తల్లి పోతూ పోతూ వదిలిపోయిన ఆస్తి ఒక్కటే, ఆవిడ గీసిన నెమలి అంచు. చీర మీద ఆ నెమలి పడితే షావుకార్లు ఎగబడి కొనేవాళ్ళు. ఆవిడ గీసిన కాగితాన్ని చెదలు తినేస్తే కంప్యూటర్లో ఉన్న బొమ్మ ఒక్కటే మిగిలింది. ఆ నెమలి ఉంటేనే మగ్గం ఆడుతుంది, మగ్గం ఆడితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఉన్నట్టుండి వెనకవీధి గవరయ్య కంప్యూటర్లో దొంగలు పడ్డారు. ఎక్కడో కూర్చుని అతని ఫైళ్ళన్నిటికీ తాళం వేసేసి, డబ్బు పంపితేనే తెరుస్తామన్నారు. ముక్తలింగానికి గుండె జారిపోయింది. పక్కింటి కోడలు సుభాషిణి బ్యాంకులో పనిచేస్తుంది. ఆమెను పిలుచుకొచ్చారు. ఆమె కంప్యూటరంతా శుభ్రం చేసి, యాంటీవైరస్ వేసి, చెప్పాల్సింది చెప్పింది.

"బాబాయ్, పాస్‌వర్డ్ ఎవ్వరికీ తెలియకూడదు. అప్పుడప్పుడూ మారుస్తుండాలి. తెలియనివాళ్ళు పంపింది ఏదీ తెరవకూడదు. ఇదిగో, ఈ పెన్‌డ్రైవ్‌లో నెమలి కాపీ ఉంది. ఎవరి చెయ్యీ అందని చోట పెట్టండి."

"మాకు ఇంత విడమరిచి చెప్పాలేటమ్మా!" అన్నాడు ముక్తలింగం.

ఆమె అటు వెళ్ళగానే సాంబలింగం అడిగాడు. "అన్నయ్యా, ఎవ్వరికీ అంటే మనకి కూడానా?"

"మనం మాత్రం మనుషులం కామేట్రా?"

అంతే. కొత్త పాస్‌వర్డ్‌లో తలా ఒక ముక్క కొట్టారు. ఒకరు కొడుతుంటే మిగతా ఇద్దరూ గోడకేసి తిరిగి నిలబడ్డారు. పాస్‌వర్డ్ మొత్తం ఎవ్వరికీ తెలియదు. ఇక పెన్‌డ్రైవ్ సంగతి. అటక మీద పెడదామంటే "నిచ్చెనేస్తే నా చెయ్యే అందుతుంది" అంది చౌడమ్మ. బావిలో పడేద్దామంటే గాలం వేసి తీయొచ్చు. ఇంకేముంది, సాంబలింగం పడవవాణ్ణి బతిమాలి నడిసముద్రంలోకి వెళ్ళి దాన్ని వదిలేసి వచ్చాడు.

"ఇప్పుడు ఏ దొంగ చెయ్యి అందుతుందో చూస్తాను!" అన్నాడు ముక్తలింగం మీసం దువ్వుకుంటూ.

తరవాత షావుకారు ధర్మారావు పట్టునూలు పంపాడు. తెచ్చిన కొరియర్ మనిషి కొత్తవాడు. ముక్తలింగం తలుపు కూడా తియ్యలేదు. కిటికీలోంచే, "నువ్వెవరో మాకు తెలీదు బాబూ, నువ్వు తెచ్చింది మేం తెరవం" అన్నాడు. నూలు తిరుగుటపాలో పోయింది. షావుకారుకి ఒళ్ళు మండి ఫోన్ చేశాడు. "గురువారం సాయంత్రం నేనే వస్తున్నాను. నెమలి నా కళ్ళకి చూపిస్తే ఏడాదంతా పని మీకే. లేదా, ఎదురింటివాళ్ళకి ఇచ్చేస్తాను."

ముగ్గురూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ముక్తలింగం తన ముక్క కొట్టాడు. సాంబలింగం కొట్టాడు. చౌడమ్మా కొట్టింది. అది తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టారు. ఊహూఁ.

"నేను మారుస్తూనే ఉన్నానండీ, సుభాషిణి చెప్పినట్టే" అంది చౌడమ్మ.

"ఎక్కడ మార్చావే?"

"మనసులో. కంప్యూటర్లో మారిస్తే దానికి తెలిసిపోదూ?"

"పోనీ మొదట పెట్టింది చెప్పు."

"మార్చేసినదాంతో ఇంకేం పనండీ? మర్చిపోయాను."

ఇంకొకడైతే నెత్తి బాదుకునేవాడు. ముక్తలింగం మాత్రం పెళ్ళాం తెలివికి మురిసిపోయాడు.

అప్పుడే ఫోన్ మోగింది. "సార్, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది. మేం కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం. పాస్‌వర్డ్ చెబితే బాగుచేస్తాం."

"అన్నయ్యా, దొంగ!" అన్నాడు సాంబలింగం.

"ఉండరా, తాళాలు తీసేవాడే కదా ఇప్పుడు కావాలి!" అని ముక్తలింగం ఫోన్ అందుకున్నాడు. "బాబ్బాబు, పాస్‌వర్డ్ మాకే తెలీదు. నువ్వే కనుక్కుని చెప్పు. మా అమ్మ నెమలి ఒక్కటీ వదిలెయ్, మిగతాదంతా నీదే."

దొంగ కాసేపు నచ్చజెప్పాడు. తరవాత బెదిరించాడు. "చెప్పకపోతే అన్నీ చెరిపేస్తా!"

"చెరపాలన్నా ముందు తెరవాలి కదయ్యా. తెరిచి చెరుపు."

దొంగ ఫోన్ పెట్టేశాడు. వీళ్ళు వదిలితేగా! పొద్దస్తమానం వాడికే ఫోన్లు. "ఎంతవరకొచ్చింది బాబూ? అన్నం తిన్నావా?" చివరికి ఆ దొంగ వీళ్ళ నంబరునే బ్లాక్ చేసుకుని బతుకుజీవుడా అనుకున్నాడు. "చేతకాని వెధవ, వీడికి దొంగతనమొకటి!" అని చౌడమ్మ మెటికలు విరిచింది.

గురువారం పొద్దున సుభాషిణి వచ్చి సంగతంతా విని తల పట్టుకుంది. అదృష్టం, ఆమె ముందుచూపుతో తన పేరు మీద ఇంకో పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంది. అది కొట్టగానే తెర మీద నెమలి పురి విప్పింది. ముగ్గురికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ ఒక్క క్షణం నాక్కూడా వాళ్ళమీద జాలేసింది.

"నాకు బ్యాంకుకి టైమైంది బాబాయ్. సాయంత్రం షావుకారు వచ్చేసరికి నేనూ వస్తాను. అప్పటిదాకా దీనిమీద ఎవ్వరి చెయ్యీ పడనివ్వకండి" అని చెప్పి ఆమె పరిగెత్తింది.

ముగ్గురూ కంప్యూటర్ చుట్టూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి చౌడమ్మకి అనుమానమొచ్చింది. "ఏవండీ, మనకి కునుకు పడితేనో?"

ముక్తలింగం దీర్ఘంగా ఆలోచించాడు. "ఒరే సాంబా, ఇన్నాళ్ళుగా మన సామానులో ఒక్క చెయ్యీ పడనిది ఏదిరా?"

"పెన్‌డ్రైవ్, అన్నయ్యా!"

ఇంకేముంది, మళ్ళీ పడవ మాట్లాడారు.

సాయంత్రం షావుకారు కారు దిగాడు. సుభాషిణి రొప్పుకుంటూ వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది. ముక్తలింగం ఛాతీ విరుచుకుని ఇద్దరినీ ఒడ్డుకి తీసుకెళ్ళాడు.

"అదిగోనండీ, ఆ కెరటాల అవతల. అసలూ కాపీ ఒక్కచోటే ఉన్నాయి."

సుభాషిణి ఇసకలో కూలబడిపోయింది. షావుకారు గిరుక్కున వెనక్కి తిరిగి, నేరుగా ఎదురింటి మెట్లెక్కాడు.

అతను వెళ్ళినవైపే చూస్తూ ముక్తలింగం తమ్ముడి భుజం తట్టాడు. "చూశావురా? అంతటి షావుకారుకే చెయ్యి అందలేదు. ఇక దొంగవెధవలకేం అందుతుంది!"