ఎనిమిది ఖాళీ డబ్బాలు

బాజీ మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. నరసరావుపేటలో ఆయన దగ్గర రిపేరు పని నేర్చుకున్న ఎవరిని కదిపినా ఈ మాటే చెబుతారు. విత్తనాల కొట్టు మీది మేడగదిలో ముప్పయ్యేళ్ళుగా ఆయన అదే బల్ల ముందు కూర్చుని ఉన్నారు. మొదట రేడియోలు బాగుచేశారు, తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. "ఇదెందుకు కాలిపోయింది మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే స్క్రూడ్రైవరు చేతికిచ్చి "విప్పు" అంటారు, అంతే. ఆ ఒక్క ముక్కతో తృప్తిపడలేనివాళ్ళు వారం తిరక్కుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళకి పని వచ్చింది.

మిగిలినవాళ్ళలో తిరుపతమ్మ ఒకతె. గాజుల కొట్టు వాళ్ళ ఆడపిల్ల. మాస్టారి దగ్గర పని నేర్చుకుని బస్టాండు పక్కన ఎనిమిది కంప్యూటర్లతో నెట్ సెంటరు పెట్టింది. పదకొండేళ్ళు నడిపింది. ఒకప్పుడు పరీక్షల ఫలితాలు వచ్చిన రోజున ఆ కొట్టు ముందు జనం తొక్కుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరి ఫలితం వాళ్ళ అరచేతిలోనే ఉంటోంది, కొట్లో ఈగలు కూడా వాలడం లేదు. ఆవిడేమీ చేతులు ముడుచుకు కూర్చునే రకం కాదు. ఫోటోలూ కార్డులూ అచ్చువేసే మిషను ఒకటి చూసి పెట్టుకుంది. జూన్‌లో కాలేజీ అడ్మిషన్లు మొదలయ్యేలోగా అది కొట్లోకి వస్తే ఏడాదంతా తిండికి లోటుండదు. రాకపోతే ఆడబిడ్డ చీరల కొట్లో, మంది విప్పిపోసిన చీరలు మడతపెడుతూ కూర్చోవాలి. మిషను రావాలంటే ఈ ఎనిమిది కంప్యూటర్లూ అమ్ముడుపోవాలి. ఊళ్ళో అడిగితే ఇనప సామాను ధర చెప్పారు. అందుకని ఆన్‌లైన్ వేలంలో పెట్టింది.

ఇంతకుముందు ఒకసారి ఆవిడ చెయ్యి కాలింది. సంక్రాంతి ముందు పాత ప్రింటరు ఒకటి అమ్మితే, కొన్నవాడు డబ్బు కట్టేసినట్టు ఒక ఫోటో పంపాడు. ఫోటో చూసి ప్రింటరు ఆటో ఎక్కించింది. ఆ ఫోటోయే దొంగది. డబ్బు రాలేదు, ప్రింటరూ రాలేదు, నాలుగు రోజులు అన్నం సహించలేదు.

ఆ శుక్రవారం పొద్దున తిరుపతమ్మ మేడమెట్లు ఎక్కి వచ్చి, చెప్పులు విడవకముందే అడిగింది. "మాస్టారూ, నమ్మితే మోసపోతున్నా. నమ్మకపోతే సరుకు కదలడం లేదు. మొహం కనపడని బేరంలో మంచివాడెవడో దొంగెవడో తెలిసేదెట్లా?"

మాస్టారు ఫ్యానులో దుమ్ము బ్రష్షుతో దులుపుతూ, తల ఎత్తకుండా, "ఎవరెవరు పాడారు?" అన్నారు.

ఇద్దరు పాడారని చెప్పింది. ఒకాయన చింతూరు వైపు మనిషి, పేరు కుంజా రాజబాబు, అక్కడేదో సంఘం తరఫున పిల్లలకి సాయంత్రాలు కంప్యూటరు నేర్పే గది పెడుతున్నాడట. ఆయన పేరు చెప్పేటప్పుడే ఆవిడ మొహం మాడిపోయింది. "ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి మాస్టారూ! ఒక్కో డబ్బా మూత తీసి లోపల ఫోటో పెట్టమంటాడు. సీరియల్ నంబరు కనపడాలంటాడు. ఆన్ చేసి వీడియో తియ్యమంటాడు, ఆ వీడియోలో ఇవాళ్టి పేపరు కూడా కనపడాలంట! ఏం, నేను దొంగనా? పదకొండేళ్ళు బజార్లో కొట్టు నడిపినదాన్ని. ఇంత అవమానం నాకెక్కడా జరగలా. ఒక్కదానికీ జవాబివ్వలా నేను."

రెండోవాడు అట్లా కాదట. మిలిటరీలో పనిట, ఫోటోలో యూనిఫారం వేసుకుని ఉన్నాడట. వేలం గడువు ముగిసేదాకా ఎందుకక్కా, దానికంటే ఎక్కువే ఇస్తాను, సైటు బయట నేరుగా తీసుకుంటాను, కమీషనూ మిగులుతుంది అన్నాడట. ఆన్‌లైన్‌లో డబ్బు పంపడానికి స్కానరు బొమ్మ ఒకటి పంపుతాడు, దాన్ని స్కాన్ చేసి పిన్ నొక్కితే చాలు, డబ్బు వచ్చి పడుతుంది. "శుక్రవారం పూట మొదటి బేరం, కాదనకు అక్కా అన్నాడు మాస్టారూ. మా అమ్మ గాజుల కొట్టు మీద ఒట్టు, బోణీ బేరాన్ని మా ఇంట్లో ఎవ్వరూ ఎప్పుడూ తిప్పి పంపలా. రూపాయి తగ్గించమని కూడా అడగలేదు మహానుభావుడు."

"బేరమాడని వాడితో బోణీ ఏందమ్మా?" అన్నారు మాస్టారు. ఇంకో మాట అని ఉంటే ఆవిడ వాదనకి దిగేది. అనలేదు. బ్రష్షు పక్కన పెట్టి, "ఫోను చెయ్యి అతనికి. అందరికీ వినపడేట్టు పెట్టు. సరుకులో ఉన్న తప్పులన్నీ చెప్పు" అన్నారు.

తప్పు చెప్పడానికి తిరుపతమ్మకి భయం లేదు. నిజంగానే ఒకదాని స్క్రీన్ మీద నిలువునా గీత పడి ఉంది. ఆ సంగతి ముందే చెప్పడం ధర్మం అనుకుని ఫోను చేసింది. "తమ్ముడూ, ఒకదానికి స్క్రీన్ మీద గీత ఉంది."

"పర్లేదక్కా" అన్నాడు యూనిఫారం. గొంతులో బెల్లం కారుతోంది. "స్కానరు పంపించా, చూశావా?"

మాస్టారు వేలితో 'ఇంకోటి' అన్నట్టు సైగ చేశారు. ఇంకో తప్పు లేదే! ఆవిడ తడబడి, నోటికొచ్చింది చెప్పింది. "రెండు అసలు ఆన్ కావు."

"అయ్యో, దానిదేముందక్కా! చూసుకుంటాంలే."

మాస్టారి వేలు మళ్ళీ లేచింది. తిరుపతమ్మ ఇక తడబడకుండా, "నాలుగు వానకి తడిసినయ్. లోపల తుప్పు" అంది.

"ఏం కాదక్కా. పిన్ నొక్కావా మరి?"

ఈసారి మాస్టారు సైగ చెయ్యలేదు. మళ్ళీ బ్రష్షు తీసుకుని ఫ్యాను పనిలో పడ్డారు. తిరుపతమ్మ గోడవైపు తిరిగి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "చూడు తమ్ముడూ, నిజం చెప్పేస్తున్నా. కంప్యూటర్లే లేవు. ఎనిమిదీ ఖాళీ డబ్బాలు. ఉత్త రేకు."

"ఖాళీవైనా పర్లేదక్కా! నీ మీద నాకు నమ్మకం ఉంది. ముందు నువ్వు స్కాన్ చెయ్యి."

తిరుపతమ్మ ఫోను కట్టేసింది. ముందు నవ్వు వచ్చింది, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. స్కాన్ చేసి పిన్ నొక్కితే తన డబ్బు పోతుందే గానీ ఎవడి డబ్బూ రాదన్న సంగతి ఆ కాస్త వ్యవధిలో ఆవిడకి పూర్తిగా అర్థమైంది. దొంగ బోణీ అని నాలుగు తిట్లు తిట్టింది, అందులో రెండు తనకే. మాస్టారు మంచినీళ్ళ చెంబు ముందుకి జరిపి, "ఆ సైటువాళ్ళకి చెప్పు. వాడు అక్కడుంటే ఇంకొకావిడ ఎవరో పిన్ నొక్కుతుంది" అన్నారు. ఫిర్యాదు పెట్టింది. సాయంత్రానికి వాడి పాటే కాదు, ఖాతా కూడా తీసేశారు.

ఇక మిగిలింది చింతూరు ఆయన. ఆయనతో మాట్లాడాలంటే తిరుపతమ్మకి ఇంకా మంటగానే ఉంది. అయినా సైటులోనే మెసేజి పెట్టింది, ఒక స్క్రీన్ మీద గీత ఉందని. అర నిమిషంలో జవాబు వచ్చింది. "గీత ఏ వైపు? ఫోటో పెట్టండి. వేలం పేజీలో కూడా రాయండి, పాడేవాళ్ళందరికీ తెలియాలి కదా." పొద్దున అయితే ఆవిడ ఈ మాటకి భగ్గుమనేది. ఇప్పుడు గీత ఫోటో తీసి, పేజీలో రాసి, ఆనక తనూ అడిగింది. "మీరెవరో నాకెట్లా తెలుస్తుందండీ? డబ్బు సైటులోనే కట్టండి. వాళ్ళ దగ్గర మీ డబ్బు ఆగి ఉన్నట్టు నా పేజీలో కనపడితేనే పార్శిలు కడతాను. ఫోటోలు పంపితే నమ్మను."

దానికి రాజబాబు ఏమన్నాడో వినండి. "హమ్మయ్య, అడిగారు! ఇన్నాళ్ళూ మీరు ఒక్క మాటా అడక్కపోతే నాకు మీ మీదే అనుమానంగా ఉంది." పోయినేడు ల్యాప్‌టాప్ అని తెప్పిస్తే డబ్బాలో నాపరాయి ముక్క వచ్చిందట. పిల్లల తల్లులు చింతపండు అమ్మి పోగేసిన డబ్బట అది. మళ్ళీ రాయి వస్తే తను ఆ గూడెంలో తలెత్తుకుని తిరగలేనని రాశాడు. తిరుపతమ్మ ఆ మెసేజి రెండుసార్లు చదువుకుంది. తన ప్రింటరు పోయిన సంగతి ఎవరికీ చెప్పుకోలేదు ఆవిడ, ఆయనకి చెప్పింది.

వేలం ఆయన పేరునే ముగిసింది. డబ్బు సైటువాళ్ళ దగ్గర ఆగి ఉన్నట్టు కనపడ్డాక ఎనిమిది కంప్యూటర్లూ మేడగదికి చేర్చింది. మాస్టారు చూస్తూ కూర్చున్నారు. ఒక్కచోట మాత్రం మాట్లాడారు. "దాంట్లో ఊరంతా ఉంది, ముందు వాళ్ళని దించు" అన్నారు. నిజమే, పదకొండేళ్ళుగా జనం తెచ్చిన ఆధార్ కార్డులూ మార్కుల జాబితాలూ ఆ డిస్కుల్లోనే ఉన్నాయి. ఒక రోజంతా కూర్చుని అన్నీ పూర్తిగా తుడిచేసింది. తర్వాత సీరియల్ నంబర్లు రాసుకుని, మూతలు బిగించింది. ప్రతి స్క్రూ మీదా గోళ్ళరంగు ఒక చుక్క పెట్టింది, ఎవరన్నా విప్పి లోపలిది మార్చి తిప్పి పంపితే ఆ చుక్క పగిలి చెబుతుందని. పక్కన ఆనాటి పేపరు పెట్టి, ఒక్కోదాన్నీ ఆన్ చేసి చూపించి, అట్టపెట్టెలో దించి టేపు వేసేదాకా వీడియో తీసింది.

నాలుగో రోజు చింతూరు నుంచి వీడియో వచ్చింది. పార్శిలు తెచ్చినవాణ్ణి పక్కనే నిలబెట్టుకుని రాజబాబు ఒక్కో పెట్టె కోసి, నంబర్లు పైకి చదివి, స్విచ్చి వేశాడు. ఎనిమిది తెరలూ వెలిగాయి. వెనకాల పిల్లలు కేకలు పెట్టారు. చివర్లో ఆయన కెమెరా తనవైపు తిప్పుకుని, "తిరుపతమ్మగారూ, ఐదో దాంట్లో మీరు రాసినదానికి రెట్టింపు మెమరీ ఉంది. పొరపాటున వచ్చిందా? ఊడదీసి పంపమంటారా?" అని అడిగాడు. పిల్లల దగ్గరే ఉండనివ్వండి అని జవాబిచ్చింది. సైటువాళ్ళు ఆపి ఉంచిన డబ్బు మర్నాడే ఖాతాలో పడింది. జూన్ ఇంకా ఎనిమిది రోజులుందనగా కొత్త మిషను కొట్లో దిగింది. అడ్మిషన్ల మొదటి రోజున కొట్టు ముందు మళ్ళీ జనం తొక్కుకున్నారు.

ఆ రద్దీ కాస్త తగ్గాక ఒకనాడు తిరుపతమ్మ ఫోను పట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి మాస్టారి దగ్గరికి వచ్చింది. మొహం మతాబాలా వెలిగిపోతోంది. పక్క గూడెంలో కూడా గది పెడుతున్నారట, ఇంకో ఆరు కంప్యూటర్లు వెతికి పెట్టమని రాజబాబు రాశాడు. చివరి వాక్యం ఆవిడ గట్టిగా చదివి వినిపించింది. "ఈసారి ఫోటోలూ వీడియోలూ ఏమీ అక్కర్లేదండీ, మీరు పంపితే చాలు." చదివి, ఇంతకంటే మర్యాద ఇంకేముంటుంది మాస్టారూ అన్నట్టు చూసింది.

మాస్టారు విప్పుతున్న మూత విప్పుతూనే, "అడగమని చెప్పమ్మా" అన్నారు.