ఆలోచిస్తున్న శంఖం

అనగనగా, ఎటు చూసినా ఉప్పునీళ్లే కనిపించే చోట, ఒక చిన్న దీవి. దాని పేరు గవ్వలదిబ్బ. అంత చిన్న దీవికీ ఒక ప్రభుత్వం ఉండేది. ప్రభుత్వానికి ఒక అధ్యక్షుడు, అధ్యక్షుడికి ఒక కార్యదర్శి, కార్యదర్శికి ఒక పెద్ద గొంతు ఉండేవి.

దీవి మధ్యలో మంచినీటి చెలమ ఉండేది. తాబేళ్లు, మేకలు, పిట్టలు అందరూ తాగేది ఆ నీళ్లే. సముద్రం పోటెత్తినప్పుడు ఉప్పునీళ్లు లోపలికి రాకుండా చెలమ చుట్టూ ఒక మట్టికట్ట ఉండేది. ఆ కట్టను చూసుకోవడం అధ్యక్షుడి పని. నిజం చెప్పాలంటే, ఆయనకు ఉన్న పని అదొక్కటే.

ఆ చెలమలో చెంగల్వ అనే పడుచు కప్ప ఉండేది. వయసు చిన్నది, కోపం మాత్రం దీవికంటే పెద్దది. వలస పిట్టలు దేశదేశాల నుంచి మోసుకొచ్చిన నినాదాలన్నీ దానికి కంఠతా వచ్చు. పొద్దున లేస్తే "ప్రజలే ప్రభువులు!" అని అరిచేది. ఆకలేస్తే "ఈ దోపిడీ నశించాలి!" అని అరిచేది. దానికి బోలెడుమంది తమ్ముళ్లు, చెల్లెళ్లు. వాళ్లకింకా కాళ్లు రాలేదు. తోకలూపుకుంటూ నీళ్లలో తిరుగుతుండేవాళ్లు. ఉప్పునీళ్లు గనక చెలమలోకి వస్తే వాళ్లలో ఒక్కరూ బతకరు.

ఇక అధ్యక్షుల వారి సంగతి. ఆయన పేరు గంభీరయ్య. ఖాళీ శంఖాల్లో దూరి కాపురం చేసే రకం పీత. ఎప్పుడో ఒక ఎన్నికలో గెలిచి, తెల్లని పెద్ద శంఖంలో చేరి, ఎత్తయిన బండ మీద కొలువు తీరాడు. ఎవరికి ఏ కష్టం వచ్చినా ఆ బండ ఎక్కి, శంఖానికి చెప్పుకోవాలి. తరవాత చెవి ఆనించి జవాబు వినాలి. వినేటప్పుడు కళ్లు మూసుకోవాలి. పెద్దల ముఖంలోకి తేరిపార చూడటం ఆ దీవిలో మర్యాద కాదు.

చెవి ఆనిస్తే లోపల "హోఽఽ" అని వినిపించేది. పక్కనే కార్యదర్శి పానకాలు నిలబడి ఉండేవాడు. ఆయన నీటికాకి. ఆ "హోఽఽ"కు అర్థం విప్పి చెప్పేది ఆయనే.

గంభీరయ్య గారు ఏ ఎన్నికలోనూ ఓడిపోలేదు. ఆయన మీద పోటీ చేసినవాళ్లంతా మాట్లాడేవాళ్లు. మాట్లాడితే తప్పులు దొర్లుతాయి కదా! గంభీరయ్య గారి నోట ఒక్క తప్పుమాట కూడా ఎవరూ వినలేదు.

ఒకరోజు చెంగల్వ ఈదుతుంటే నాలుకకు ఉప్పు తగిలింది. వెతికి చూస్తే కట్టకు చిన్న గండి పడి ఉంది. వెంటనే గెంతుకుంటూ బండ ఎక్కింది.

"అధ్యక్షా! కట్టకు గండి పడింది!" అని చెప్పి, కళ్లు మూసుకుని చెవి ఆనించింది.

"హోఽఽ" అంది శంఖం.

"అధ్యక్షుల వారు ఆలోచిస్తున్నారు," అన్నాడు పానకాలు.

"ఎంతసేపు ఆలోచిస్తారు?"

"అది కూడా ఆలోచిస్తున్నారు. నువ్వు పద అమ్మాయ్, వెనక జనం ఉన్నారు."

వెనక ఎవరూ లేరు. అయినా చెంగల్వ దిగి వచ్చేసింది.

గండి పెద్దదైంది. చెంగల్వ మళ్లీ బండ ఎక్కింది. మళ్లీ "హోఽఽ".

"శుభవార్త!" అన్నాడు పానకాలు. "అధ్యక్షుల వారు ఒక కమిటీ వేశారు. సముద్రపు నీళ్లు నిజంగా ఉప్పగా ఉంటాయా, లేక అది విపక్షాల దుష్ప్రచారమా అన్నది ఆ కమిటీ తేలుస్తుంది."

"కమిటీలో ఎవరున్నారు?"

"మా బావమరుదులు. సముద్రంలోనే పుట్టి పెరిగినవాళ్లు. వాళ్లకు ఇంతవరకూ ఉప్పు తెలియలేదు."

గండి ఇంకా పెద్దదైంది. చెంగల్వ ఈసారి ఏడుస్తూ ఎక్కింది. "అధ్యక్షా, మా తమ్ముళ్లకు కళ్లు మండుతున్నాయి. పున్నమి పోటు వస్తే కట్ట కొట్టుకుపోతుంది!"

"హోఽఽ."

"అయ్యో, కొంచెం ముందు రావలసింది," అన్నాడు పానకాలు బాధగా తల ఊపుతూ. "ఎన్నికలు ప్రకటించాం. కోడ్ వచ్చేసింది. పోలింగ్ అయ్యేదాకా ఎవరూ మట్టి ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఓటర్లను ప్రలోభపెట్టినట్టు అవుతుంది."

పోలింగ్ పున్నమి రోజునే పడింది. పోటు సాయంత్రం వస్తుంది. పొద్దున్నే దీవి అంతా బండ ముందు వరస కట్టింది. తలా ఒక గవ్వ తెచ్చుకున్నారు. ఎవరికి ఓటేస్తే వాళ్ల ముందు గవ్వ పెట్టాలి. గంభీరయ్య గారి మీద ఒక మేక పోటీకి నిలబడింది. "గెలిస్తే కట్ట బాగు చేస్తా," అంది. "ఎలా?" అని అడిగారు. మేక కాసేపు తడబడింది. "చూశావా, దీనికి ఆ గాంభీర్యం లేదు," అనుకున్నారు జనం.

చెంగల్వ వంతు వచ్చింది. గవ్వ పట్టుకుని శంఖం ముందు నిలబడింది. తలవంచి కళ్లు మూసుకోబోయింది. అప్పుడు దానికి తమ్ముళ్లు గుర్తొచ్చారు. "మర్యాద తరవాత సంగతి," అనుకుని కళ్లు ఇంతింత చేసి లోపలికి చూసింది.

లోపల ఎవరూ లేరు.

ఒక చెయ్యి పెట్టి తడిమింది. ఇసుక. ఎండిన నాచు. ఒక మూల ఒక సాలెపురుగు. అది చెంగల్వను చూసి, "అద్దెకు వచ్చావా?" అని అడిగింది.

"ఖాళీ!" అని అరిచింది చెంగల్వ. "మోసం! దగా! లోపల ఎవరూ లేరు! ఇన్నాళ్లూ మనం చిప్పకు మొరపెట్టుకున్నాం!"

అయితే పానకాలు అనుభవం ఉన్నవాడు. వెంటనే గొంతు సర్దుకున్నాడు.

"ఖాళీగా ఉన్నారంటే ఏమిటి అర్థం? ఆయనలో స్వార్థం లేదు! ఆశ లేదు! తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు! ఇంత త్యాగం చేసిన నాయకుడు ఏ దీవిలో ఉన్నాడు?"

"అవును సుమా," అంది తాబేలు మంగాయమ్మ. ఆ దీవిలో అందరికంటే పెద్దది ఆవిడే. "లోపల లేని మనిషి మనదేం తింటాడు? ఆ మేక అయితే గడ్డంతా మేసేస్తుంది."

"అవ్వా, కట్ట తెగిపోతోంది!" అంది చెంగల్వ.

"తెగితే తెగుతుందిలేవే. ఆయన మాత్రం ఏం చేస్తాడు, లోపల లేడు కదా!"

గవ్వలు లెక్కపెట్టారు. శంఖమే గెలిచింది. పైగా ఇంతకుముందుకంటే ఎక్కువ గవ్వలు వచ్చాయి.

చెంగల్వ కోపంతో ఉబ్బి గుండ్రంగా అయిపోయింది. ఎర్రపీతల మేస్త్రీ దాలయ్య దగ్గరికి వెళ్లింది. కట్ట పని చేసేది ఆయన ముఠానే.

"బాబాయ్, నీకు తెలుసా ఇది?"

"తెలియకేం," అన్నాడు దాలయ్య. "గంభీరయ్య ఎప్పుడో ఇంకా పెద్ద శంఖం దొరికి అవతలి దీవికి పోయాడు. గెలిచిన ప్రతిసారీ ఊరేగింపులో పల్లకీ మోసేది మేమే కదా."

"మరి చెప్పలేదేం?"

"ఖాళీ నాయకుడైతే తేలిగ్గా ఉంటాడమ్మా. నిండుగా ఉన్నవాణ్ణి మోయడం ఎంత కష్టమో నీకేం తెలుసు?"

"సరే, ఇప్పుడన్నా వచ్చి మట్టి వెయ్యండి."

"ఆజ్ఞ లేకుండానా? ఎలా వేస్తాం?"

చెంగల్వ తల పట్టుకుంది. అప్పుడే పానకాలు దాని పక్కన వాలాడు. గొంతు తేనెలా చేసుకున్నాడు.

"అమ్మాయ్, నీలో నిప్పుంది. నీలాంటి యువతరమే దీవికి కావాలి. చూశావుగా, లోపల చోటు ఖాళీగానే ఉంది. చల్లగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది, కప్పలకు భలే హాయి. వెళ్లి కూర్చో. నువ్వు ఏది అన్నా అర్థం నేను చెబుతాను."

చెంగల్వ శంఖం వైపు చూసింది. లోపలి నుంచి చల్లని గాలి తగిలింది. ఒక్క గెంతు గెంతితే తనే అధ్యక్షురాలు! ఒక్క మాట అంటే దాలయ్య ముఠా కదులుతుంది. తమ్ముళ్లు బతుకుతారు.

"నేను లోపలి నుంచి 'గండి పూడ్చండి' అంటే నువ్వు ఏమని చెబుతావు?" అని అడిగింది.

"'ఆలోచిస్తున్నారు' అని చెబుతాను," అన్నాడు పానకాలు అలవాటుగా. తరవాత నాలుక కరుచుకున్నాడు.

చెంగల్వ ముందుకు చాపిన కాలు వెనక్కి తీసుకుంది. ఆ చిప్పలో ఎవరు కూర్చున్నా బయటికి వచ్చే మాట ఒకటేనని దానికి తెలిసిపోయింది.

సముద్రం హోరు పెరుగుతోంది. దాలయ్య ముఠా అప్పుడే పల్లకీ సిద్ధం చేస్తోంది. గెలిచిన అధ్యక్షుణ్ణి దీవి అంతా ఊరేగించడం అక్కడి ఆచారం. చెంగల్వ అందరికీ వినిపించేలా అరిచింది.

"శంఖం ఖాళీ అని ముందే చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను! అయినా మీరు గెలిపించారు. గెలిచాక ప్రజల కష్టాలు చూడాలి కదా? ఊరేగింపు గండి దగ్గరికి వెళ్లాలి!"

"అధ్యక్షుల వారి పర్యటన!" అంది మేక ఉత్సాహంగా. ఓడినవాళ్లకు కూడా ఊరేగింపులో పాయసం పెడతారు మరి.

పర్యటన వద్దనడానికి పానకాలుకు నోరు రాలేదు. నాచు దండలు పడ్డాయి. "గంభీరయ్య గారు వర్ధిల్లాలి!" అంటూ జనం కదిలారు. గండి దగ్గరికి వచ్చేసరికి సముద్రపు నీళ్లు పాయలు పాయలుగా దూకుతున్నాయి. లోపల చిన్న కప్పలన్నీ ఒక మూలకు చేరి, "అక్కా! అక్కా!" అని ఏడుస్తున్నాయి.

మంగాయమ్మకు దాహం వేసింది. చెలమలో మూతి పెట్టి, తూ అని ఉమ్మేసింది. "ఇదేమిటే, ఇంత ఉప్పు?"

"కమిటీ ఇంకా తేల్చలేదు అవ్వా," అంది చెంగల్వ. ఆ మాట అంటూనే గెంతి పల్లకీ మీద పడింది. శంఖం దొర్లింది. దొర్లి దొర్లి, మూతి సముద్రం వైపు తిరిగి, గండిలో టక్కున ఇరుక్కుంది.

నీళ్లు చాలావరకు ఆగాయి.

"హత్య!" అని అరిచాడు పానకాలు. "అధ్యక్షుల వారి మీద హత్యాయత్నం!"

"కాదు, అధ్యక్షుల వారు పనిలో ఉన్నారు," అంది చెంగల్వ. "ఆయన పక్కన సందులున్నాయి. మట్టి పట్టండి!"

దాలయ్య ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు. చిన్న కప్పల ఏడుపు విన్నాడు. బొరియలోంచి ఒక మట్టిముద్ద తెచ్చి సందులో కుక్కాడు. ముఠా అంతా ఆయన వెనక కదిలింది. మేక కాళ్లతో తొక్కి గట్టి చేసింది. మంగాయమ్మ వెళ్లి కట్టకు వీపు ఆనించి కూర్చుంది. పోటు వచ్చింది, కట్టను కొట్టింది, కొట్టి కొట్టి వెనక్కి పోయింది. కట్ట నిలిచింది.

అందరూ రొప్పుతూ కూర్చున్నారు. కాసేపటికి దాలయ్యకు భయం పట్టుకుంది. "ఇంతకీ మనకు ఆజ్ఞ ఇచ్చింది ఎవరు?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఇవ్వలేదు.

మంగాయమ్మ వెళ్లి శంఖానికి చెవి ఆనించింది. లోపల బురద నిండిపోయింది. చప్పుడు లేదు. కళ్లు తెరిచి పానకాలు వైపు చూసింది. "ఇప్పుడేమంటున్నారయ్యా?"

పానకాలు రెక్కలు దులుపుకుని, బావమరుదుల ఇంటికి భోజనానికి వెళ్లాలని గుర్తొచ్చి ఎగిరిపోయాడు.

మళ్లీ ఎన్నిక పెట్టారు. ఈసారి చెంగల్వ నిలబడింది, గెలిచింది. కొలువు బండ మీద వద్దని, కట్ట మీదే ఉండాలని జనం పట్టుబట్టారు. రోజూ వచ్చి ఎదురుగా నిలబడి, కళ్లల్లోకి చూసి అడుగుతామన్నారు. "ప్రజలే ప్రభువులు!" అని చెంగల్వ అరిచింది. నినాదం తేలికే.

కొన్నాళ్లకు తూర్పు వైపు కట్ట కుంగింది. మంగాయమ్మ వచ్చి నిలదీసింది.

"ఏమే అధ్యక్షురాలా, వారం కిందట చెప్పాను. ఎందుకు బాగు చేయించలేదు?"

చెంగల్వకు చెంపలు వేడెక్కాయి. చుట్టూ జనం. అన్ని కళ్లూ తన మీదే. వాటిలో కొత్తగా కాళ్లు వచ్చిన తమ్ముళ్ల కళ్లు కూడా ఉన్నాయి. గొంతులో నినాదాలు చాలా మెదిలాయి. ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

"మర్చిపోయాను అవ్వా," అంది. "తప్పు నాదే. పద, ఇప్పుడే వస్తున్నా."

మంగాయమ్మ నిర్ఘాంతపోయింది. ఇంత వయసు వచ్చినా ప్రభుత్వం నోట అలాంటి మాట ఆవిడ ఎన్నడూ వినలేదు.

"ఏదీ, ఇంకోసారి అను," అంది.

నీతి: పాలకులకు ఓటు వేసి కళ్లు మూసుకుంటే ఖాళీ చిప్ప కూడా మనల్ని ఏలుతుంది, ఎదురుగా నిలబడి అడిగితేనే జవాబు పుడుతుంది.