ఎలుగుబంటి మోసుకెళ్లిన దుంగ

ఐరోపాలో ఓ మూల, ఏటికి ఇవతల చిన్న అడవి, అవతల పెద్ద అడవి. ఇవతల ఏ రాణీగ బోలు దుంగలో కొత్తగా తేనెపట్టు పెట్టినా అవతలి ఎలుగుబంటి తయారు. "చలికాలం తిండి పెట్టుబడి నాది. మీ దుంగ మాత్రం మా ఒడ్డుకి రావాలి" అనేవాడు. మూడేళ్లలో మూడు పట్లు ఏరు దాటేశాయి. తేనెటీగలు లేక ఇక్కడి ఆపిల్ చెట్ల పూత రాలిపోతోంది, కాయ నిలవడం లేదు. ఆ ఎలుగుని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాలుగో ఏడు ఓ రాణీగ బోలు దుంగలో పట్టు పెట్టింది. ఎలుగు దిగాడు.

"ఏమ్మా, ఎప్పుడు బయల్దేరుతున్నావ్?"

"బయల్దేరను. మా పూలు ఇక్కడున్నాయి."

"మంచులో ఏం తింటావ్? మీవాళ్లు పెడతారా?"

"అడుగుతా," అంది రాణీగ.

అడిగింది. అడవి అంచున కొట్టంలో ఉండే ఎద్దు తల అడ్డంగా ఊపాడు. "అంతా పెట్టాక పట్టు చచ్చిపోతే? మా నోటికాడ కూడు పోయినట్టేగా తల్లీ."

పక్క చెట్టు మీది ముసలి ఉడుతకు చిర్రెత్తింది. "నేను పది గింజలు పాతితే ఏడు ఎక్కడ పెట్టానో మర్చిపోతా. కొన్ని కుళ్లిపోతాయి, కొన్ని మొలుస్తాయి. నువ్వు పడుకున్న ఈ నీడ అలా మొలిచిందే బావా. పోతే పోయిందనుకుని పెట్టలేవా?"

ఎద్దు మర్నాడు తన చక్కెర దుంపలు తెచ్చి, తొక్కి, రసం తీశాడు. ఉడుత తన ఎండు పండ్లు తెచ్చింది.

మంచు కరిగింది, పట్టు బతికింది. ఆపిల్ పూతకల్లా ఈగలు రెట్టింపై దుంగ ఇరుకైంది. ఇరుకైతే ఇల్లు మారడం ఈగల ఆనవాయితీ. రాణీగ అందర్నీ వెంటేసుకుని ఎద్దు కొట్టం పక్కనున్న పెద్ద తొర్రలోకి మారిపోయింది.

వారం తిరక్కుండా ఎలుగు వచ్చాడు. "పిలిస్తే రారుగా, మోసుకెళ్తా" అంటూ లోపలికి చూడకుండానే, ఈగలు బయటికి రాకుండా దుంగ మూతికి బురద మెత్తి, భుజానికెత్తుకుని ఏట్లోకి దిగాడు. ఎద్దు కొమ్ములు వంచాడు. రాణీగ వచ్చి కొమ్మున వాలింది.

"ఆగు బావా, మోయనీ."

అవతలి ఒడ్డున దుంగ పగలగొట్టి చూస్తే ఎండిన మైనం, ఓ సాలీడు.

"నా పట్టేదీ?" అని అరిచాడు ఎలుగు.

"నువ్వడిగింది దుంగేగా, ఉంచుకో," అంది రాణీగ ఇవతలి నుంచి. "నమ్మి తిండి పెట్టినవాళ్లని వదిలి మేం రాం. పై ఏడు ఇక్కడ ఇంకో మూడు పట్లు పెడతాం. చూసి పో."

ఆ ఏడు ఆపిల్ కొమ్మలు బరువుకి వంగాయి.

మన ఊరి మొలకకు మనమే నీళ్లు పోసుకుంటే, దాని నీడ మనకే దక్కుతుంది.