నానబోసిన నీళ్లు

ఎవరు ఏమడిగినా వైద్యులు శరభయ్యగారు కూర్చున్నచోట జవాబు చెప్పే మనిషి కాదు. లేచి, ఆ సంగతి ఎక్కడ పుట్టిందో అక్కడికి నడుస్తారు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకునే పద్నాలుగు మందిలో పెద్దవాడు నరహరి. ఆశ్రమం పెత్తనమంతా అతనిదే. ఒక మధ్యాహ్నం అతనే అడిగాడు.

"గురువుగారూ, నెల్లాళ్లుగా బొబ్బర్ల కూర తిన్న రోజల్లా మనవాళ్ల కడుపులు డప్పుల్లా ఉబ్బుతున్నాయి. పాఠం వల్లించేటప్పుడు ఒకటే చప్పుళ్లు, ఛీ ఛీ! తప్పు బొబ్బర్లదా, వండే రత్తమ్మదా?"

అడిగాడే గానీ, తప్పెవరిదో నరహరి అప్పటికే తేల్చేశాడు. ఇరవై ఏళ్లుగా ఆ వంటింటినే నమ్ముకున్న మనిషిని ఆ పొద్దున్నే పొమ్మన్నాడు కూడా. ఆ ముక్క మాత్రం గురువుగారి చెవిన వేయలేదు.

శరభయ్యగారు తిన్నగా వంటింటికి నడిచారు. గుమ్మంలో రత్తమ్మ బట్టల మూట చేత పట్టుకుని నిలబడి ఉంది. ఆయన మూటను చూశారు, శిష్యుణ్ణి చూశారు.

"బొబ్బర్లు ఎలా వండుతున్నావమ్మా?"

"ఇన్నేళ్లూ రాత్రి నానబోసి, ఆ నీళ్లు పారబోసి, మంచినీళ్లలో మెత్తగా ఉడికించి ఇంగువ పోపు పెట్టేదాన్నయ్యా. ఈ నెల్లాళ్లుగా నానిన నీళ్లతోనే ఉడికిస్తున్నా. సారమంతా అందులోనే ఉంటుందంట. ఇంగువా వద్దన్నారు, చదువుకునేవాళ్లకి పనికిరాదంట."

"ఎవరన్నారు?"

రత్తమ్మ తల దించుకుంది. "చదువుకున్న బిడ్డ. మంచికే చెప్పుంటాడు. పేరెందుకు లెండి."

నరహరి నిర్ఘాంతపోయాడు. అయ్యో, ఆ మాటలు తనవే! ఏదో గ్రంథం సగం చదివి, వంటింట్లో గొప్పగా వాగి, మర్నాటికి మరిచిపోయాడు. తను చెప్పింది చెప్పినట్టు చేసిన పాపానికి ఆమెను తనే వెళ్లగొట్టాడు. పొట్టకూడు పోతున్నా ఆమె అతని పేరు బయటపెట్టడం లేదు!

"నేనే... నేనే చెప్పాను గురువుగారూ," అన్నాడు చివరికి. "ఇప్పుడు వాళ్లకి ఏం మందివ్వను?"

"వాము వేయించి, చిటికెడు ఉప్పుతో నమలమను. సాయంత్రానికి సర్దుకుంటుంది," అన్నారు శరభయ్యగారు. "ముందు వెళ్లి, ఆవిడ చేతిలో మూట అందుకో."