రోడ్డవతలి పరీక్ష

తవిటమ్మగారికి ఒక అలవాటు ఉండేది. సర్వర్లో ఏ చిన్న ఫైలు దిద్దినా, పని అయ్యాక చెప్పులేసుకుని రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న పోలినాయుడి జిరాక్సు కొట్టుకి వెళ్ళి, అక్కడి పాత కంప్యూటర్లో ఆ పేజీ తెరిపించుకుని చూసేది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో చేసి రిటైరైన మనిషి. ఆ కొండల కింది పట్నంలో కొన్ని కాలేజీల వెబ్‌సైట్లు నడిచే సర్వర్ ఇప్పుడు ఆవిడ చేతిలో ఉంది. ఎండైనా వానైనా ఆ రోడ్డు దాటడం మాత్రం మానేది కాదు. గిట్టనివాళ్ళు అదంతా టీ కోసం వేసే వేషమనేవారు. గిట్టనివాళ్ళకి ఎదుటివాళ్ళ కారణాలు ఎప్పుడూ టీ గ్లాసంతే కనిపిస్తాయి.

ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి లోకనాథ్ అనే యువకుడు చేరాడు. చురుకైనవాడు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. చెప్పింది చేస్తే చెయ్యవలసిందంతా చేసినట్టే అని నమ్మేవాడు కూడా. ఒక బుధవారం ఉదయం ఆవిడ అతనికి ఒక పని అప్పగించింది. ఊళ్ళోని నర్సింగ్ కాలేజీలో సీట్ల కోసం వచ్చే పిల్లలు శుక్రవారం హాజరు కావాలని పాత పేజీలో ఉంది. ఏదో తనిఖీ వచ్చిపడిందని కాలేజీవాళ్ళు దాన్ని ఆ బుధవారానికే జరిపేశారు. సాయంత్రం నాలుగింటిదాకా వచ్చినవాళ్ళకే సీటు. ఫోన్లకి సందేశాలు పంపారు గానీ, కొండమీది ఊళ్ళలో ఫోనుకి సిగ్నల్ దొరకాలంటే గుట్టెక్కాలి. కొత్త తేదీతో కొత్త పేజీ తయారై సర్వర్లో ఉంది. కాలేజీ పేరుతో ఎవరొచ్చినా పాతదానికి బదులు దీన్ని చూపించమని సర్వర్‌కి చెప్పాలి. అది చెప్పేది ఒక చిన్న కాన్ఫిగ్ ఫైలు. నల్ల తెరమీద అక్షరాలు కొట్టి అందులో ఒక్క వరస మార్చాలి.

లోకనాథ్ మార్చాడు. మార్చి, కుర్చీ వెనక్కి జరుపుకుని, చాలాకాలంగా కడుపులో పెట్టుకున్న ప్రశ్న అడిగాడు.

"మేడం, సర్వర్ మన గదిలోనే ఉంది. ఫైలు మన కళ్ళముందే ఉంది. అన్నీ సరిగా ఉన్నాక, చూడ్డానికి రోడ్డవతల ఏం మిగిలుంటుంది?"

"అన్నీ సరిగా ఉన్నాయా?"

"ముట్టుకునే ముందు కాపీ తీసి పెట్టుకున్నాను. మార్చాక, రాత సరిగా ఉందో లేదో చూడమని టెస్ట్ పెట్టాను. సక్సెస్‌ఫుల్ అని వచ్చింది. అప్పుడే, ఫైళ్ళన్నీ కొత్తగా చదువుకోమని సర్వర్‌ని రీలోడ్ చేశాను. మీరు నేర్పిన వరసే కదా."

"చెప్పులేసుకో," అంది తవిటమ్మగారు.

వాళ్ళు వెళ్ళేసరికి పోలినాయుడి కంప్యూటర్ ముందు ఒక పిల్ల కూర్చుని ఉంది. బిడ్డిక మల్లిక ఆమె పేరు. తండ్రి వెనకే నిలబడి, సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ సంచిని చంటిబిడ్డలా చంకన పెట్టుకున్నాడు.

"రండి మేడమ్మా," అన్నాడు పోలినాయుడు. "మీ పేజీ మీకే చూపించి డబ్బులు పుచ్చుకోడానికి నాకే సిగ్గేస్తంది. ఇయ్యాల ఈ పాప చూస్తంది, దాని పక్కనుంచి ఊరికే చూసీండి."

తండ్రి అప్పటికే బయల్దేరే ధోరణిలో ఉన్నాడు. "శుక్రారమేనంట నాయుడూ. మరింకేటి, పన్నెండింటి బస్సుకి ఎల్లిపోతాం. గురారం సందేలకి మళ్ళీ దిగిపోతాం."

లోకనాథ్ నవ్వాడు. "శుక్రవారం కాదండీ, ఇవాళే. పేజీలో ఉంటుంది, సరిగ్గా చూడండి."

"చూసే చెప్పినాను," అంది మల్లిక. "మీరే చదవండి."

అతను వంగి చదివాడు. శుక్రవారం అనే ఉంది.

"ఒకసారి రిఫ్రెష్ చెయ్యమ్మా."

"చేసినాను. మళ్ళీ అదే వస్తంది. మీ కంప్యూటర్లో శుక్రవారం ముందరొచ్చీసి, మా దగ్గర లేటుగా వస్తదేటి?"

పోలినాయుడు నవ్వు దాచుకోవడానికి జిరాక్సు మిషను మూత ఎత్తి లోపలికి చూశాడు. తండ్రి మాత్రం నవ్వలేదు. తెరకేసి చూసి, లోకనాథ్‌కేసి చూశాడు.

"కాలేజీ పేజీ శుక్రారమంటంది. నువ్వు ఈయాలంటన్నావు. నానేటి నమ్మీది బాబూ? ఈ సీటు పోతే మరేడాది దాకా లేదు. ఏడాది ఇంటికాడ కూకుంటే పెళ్ళి సేసీమంటారు మావోళ్ళు. నానొక్కడినీ ఎన్నాళ్ళని కాదంటాను?"

లోకనాథ్ కళ్ళు రోడ్డవతలి గదికేసి పరిగెడుతున్నాయి. తప్పు అక్కడే దొరుకుతుందని, అది దొరికితే అన్నీ సర్దుకుంటాయని ఆశ.

"బస్సెక్కకండి అన్నా," అంది తవిటమ్మగారు. "ఈ తెరమీదున్నది తప్పు. ఆ తప్పు మాది. తిన్నగా కాలేజీకి వెళ్ళి వరసలో నిలబడండి. ఎవరైనా అడ్డుపెడితే తవిటమ్మ పంపిందని చెప్పండి. అమ్మాయీ, నాన్నని లాక్కుపో."

మల్లిక అప్పటికే లేచింది. తండ్రి ఇంకొక్కసారి ఆ శుక్రవారాన్ని చూసి, అనుమానంగానే ఆమె వెంట నడిచాడు. లోకనాథ్ గదికి పరిగెత్తాడు. తవిటమ్మగారు అక్కడే బల్లమీద కూర్చుని ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసింది.

"తేదీ మారిన సంగతి మా సర్వర్ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదండి. పిల్లల తప్పు లేదు. రేపు కూడా తీసుకోండి."

అవతలి గొంతు, ఇది ఎవరు చేశారని అడిగింది. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళకి ముందు తప్పుచేసిన మనిషి కావాలి, ఆ తర్వాతే తప్పుకి మందు.

"నా గదిలో జరిగింది కాబట్టి నేనే చేశాను. రేపటి మాట చెప్పండి."

చాలాసేపు సణిగి, రేపు మధ్యాహ్నందాకా అన్నాడు ప్రిన్సిపాల్.

ఆవిడ గదిలోకి వచ్చేసరికి లోకనాథ్ ముఖం తెరకి ఆనించి కూర్చున్నాడు. "ఫైల్లో తప్పు లేదు మేడం. ఒక్కొక్క అక్షరం చూశాను."

"టెస్ట్ మళ్ళీ పెట్టు. వచ్చింది పైకి చదువు."

"సక్సెస్‌ఫుల్…"

"మొదటి వరస నుంచి."

మొదటి వరసలో ఒక హెచ్చరిక ఉంది. ఈ కాలేజీ పేరు నాదేనంటూ ముందే మరో ఫైలు చెప్పింది గనక, ఈ రెండోదాన్ని పట్టించుకోవడం లేదని. దాని కింద, రాత పద్ధతిగా ఉందని. ఆ కింద, టెస్ట్ సక్సెస్‌ఫుల్ అని.

"ఈ వరస పొద్దున్న లేదా?" అని అడిగింది ఆవిడ.

"ఉండే ఉంటుంది," అన్నాడు అతను.

"అది ముందు నిజం చెప్పింది, తర్వాత మెచ్చుకుంది. నువ్వు మెచ్చుకోలు దగ్గర చెవి తెరిచావు."

ఆ మరో ఫైలు ఎవరిదో కాదు. లోకనాథ్ భద్రంగా తీసిపెట్టుకున్న కాపీయే. దాని పేరుకి ముందు 'ఓల్డ్' అని ఇంగ్లీషులో తగిలించి, అసలుదాని పక్కనే, అదే ఫోల్డర్లో పెట్టాడు. ఆ ఫోల్డర్లో ఏముంటే అది అక్షరక్రమంలో చదువుకుంటూ పోవడమే సర్వర్‌కి తెలుసు. ఏది అసలు, ఏది కాపీ, ఏది ఎవరు ఎందుకు దాచుకున్నారు, ఇవేవీ దానికి అక్కర్లేదు. ముందు నోరు విప్పినదాని మాటే మాట. అసలు ఫైలు పేరు 'ఎస్'తో మొదలవుతుంది గనక, 'ఓ'తో మొదలైన కొత్త పేరు పాత కాపీకి వరసలో ముందు చోటు ఇచ్చింది. అది లేచి శుక్రవారమని చెప్పింది. కొత్తది నోరు తెరిచేసరికి వినేవాడు లేడు.

"అయితే కాపీ తియ్యకూడదా మేడం?" అన్నాడు, ఏ మాత్రం పొగరు లేకుండా.

"తియ్యాలి. సభలో కూర్చోబెట్టకూడదు."

అతను కాపీని సర్వర్ చదవని వేరే చోటికి మార్చాడు. కొత్త పేజీలో రేపటి గడువు కూడా చేర్చాడు. టెస్ట్ పెట్టి పైనుంచి కిందికి, వేలు ఆనించి, చిన్నపిల్లాడిలా చదివాడు. హెచ్చరిక పోయింది. రీలోడ్ చేసి, చెప్పులు కూడా లేకుండా రోడ్డు దాటి వచ్చాడు. ఈసారి తెరమీద బుధవారం ఉంది, గురువారం మధ్యాహ్నం కూడా ఉంది.

నాలుగు దాటాక పోలినాయుడు గుమ్మంలోంచే కబురు చెప్పి వెళ్ళాడు. మల్లికకి సీటు దొరికింది. వాళ్ళ నాన్న ఫీజు రసీదుకి రెండు జిరాక్సులు తీయించుకుని, అసలుది ఏది, కాపీ ఏది అని తననే అడిగాడట.

ఆ మాటకి లోకనాథ్ నవ్వలేకపోయాడు. ఆ పూట మల్లికలాగే ఆ పేజీ చూసి ఉండే తక్కినవాళ్ళు అతనికి గుర్తొస్తున్నారు. ఎవరు ఏ వేళకి వచ్చారో, ఏమిచ్చి పంపిందో సర్వర్ తనకి తానుగా రాసుకునే లాగ్ ఒకటుంటుంది. దాన్ని తెరిచి, ఉదయం తను రీలోడ్ చేసిన క్షణం నుంచి తప్పు దిద్దిన క్షణం దాకా చూశాడు. పేర్లు లేవు, ఊళ్ళు లేవు. అంకెలు, ఒకదాని కింద ఒకటి. ప్రతి వరసలోనూ, అడిగిన పేజీ ఏ లోటూ లేకుండా అందిందని సర్వర్ పెట్టుకున్న గుర్తు.

"మేడం," అన్నాడు, ఆ గుర్తుని ఊతగా పట్టుకుంటూ, "వచ్చిన ప్రతివాళ్ళకీ పేజీ సరిగ్గా అందిందనే ఉంది."

తవిటమ్మగారు కళ్ళజోడు తుడుచుకుంటూ అంది:

"అందింది నాయనా. అందుకే బస్సెక్కారు."