ఏ పనీ చెయ్యని ప్రోగ్రాం

రాజుల కాలంలో కంప్యూటరేమిటి అంటారా? మా కథలో ఉంది, మీరు ఊకొట్టండి చాలు!

చిత్రకేతు మహారాజుకి ఉన్నది ఒక్కటే పెద్ద కంప్యూటర్. దాన్ని చూసుకునేది ఓబులమ్మ. ఆ ఒక్కదాంట్లోనే రెండు ఉత్తుత్తి కంప్యూటర్లు సృష్టించి, ఒకటి సేనాపతికి, ఒకటి కోశాధికారికి ఇచ్చింది. మెమరీ అంతా రాజుగారు వాళ్లిద్దరికే పంచేశారు. ఇంక చారెడు కూడా మిగల్లేదు.

అప్పుడు పుట్టింది రాజుగారికి బుద్ధి.

"ఇవాళ రాణిగారి పుట్టినరోజు. సాయంత్రం కొలువులోగా ఆవిడకీ ఓ కంప్యూటర్ కావాలి. కానీ ఇచ్చిన మెమరీ నేను వెనక్కి అడగను. వాళ్ల రహస్యాల్లోకి ఎవరూ తొంగి చూడకూడదు!"

ఆస్థాన పండితుడు దండిభట్టు మూడు దిండ్ల ఆసనంలోంచి కదలకుండానే మీసం దువ్వాడు. అంతకుమించి ఆయన చేసే పనేమిటో కొలువులో ఎవరికీ తెలీదు.

"సేనాపతి మెమరీలో ఓ ముక్క తీసి డిస్కులోకి గెంటేస్తే సరి ప్రభూ!"

గెంటించారు. సేనాపతి ఏ ముక్క వాడుతున్నాడో చూడకూడదాయె, సరిగ్గా వాడుతున్నదే పోయింది! కోట పటం గీస్తున్న కంప్యూటర్ కాస్తా కొయ్యబారిపోయింది. సేనాపతి లబోదిబోమన్నాడు. ఆ ముక్క తిరిగి లోపల పెడితేగానీ కదల్లేదు.

"ఓబులమ్మకి పని రాదు" అనేశాడు భట్టు.

"సాయంత్రానికి కాకపోతే నీ కొలువు ఊడినట్టే, ఓబులమ్మా" అన్నాడు రాజు.

ఓబులమ్మకి ఒళ్లు మండిపోయింది. ఆ కొలువంటే ఆవిడకి ప్రాణం. దిండ్లమీద కులాసాగా ఒరిగిన భట్టుని కోపంగా చూసింది. చూస్తూ చూస్తూ ఫక్కున నవ్వింది. వెంటనే సేనాపతి దగ్గరికి పరుగెత్తి, ఆయన కంప్యూటర్లో ఓ చిన్న పని చేసుకోనిమ్మని అడిగింది.

"మళ్లీ ఏదీ గెంటకుండా ఉంటే చాలు, నీ ఇష్టం తల్లీ" అన్నాడాయన.

సాయంత్రానికి రాణిగారి కంప్యూటర్ వీణ వాయిస్తోంది. సేనాపతిది కూడా చక్కగా నడుస్తోంది.

"దొంగతనం!" అని అరిచాడు భట్టు.

"నేనేదీ ముట్టుకోలేదు ప్రభూ" అంది ఓబులమ్మ. "సేనాపతిగారి కంప్యూటర్లో ఓ బుల్లి ప్రోగ్రాంని కూర్చోబెట్టాను. అది చోటు కావాలి, ఇంకా చోటు కావాలి అని అడిగింది. ఏది ఖాళీగా పడుందో ఆ కంప్యూటర్‌కే తెలుసు కదా, అదే తీసి ఇచ్చుకుంది. ఆ చోటే కిందున్న పెద్ద కంప్యూటర్ నుంచి రాణిగారికి మళ్లించాను."

రాజు ముచ్చటపడిపోయాడు. "ఇంతకీ ఆ ప్రోగ్రాం చేసే పనేమిటి?"

"ఏమీ చెయ్యదు ప్రభూ. చోటు పట్టుకుని ఉబ్బి కూర్చుంటుంది."

"భలే! ఈ ఉపాయం నీకెలా తట్టింది?"

"రోజూ దండిభట్టుగారిని చూస్తున్నాను కదండీ!"

కొలువంతా గొల్లుమంది. రాణిగారైతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. రాజు కళ్లు తుడుచుకుంటూ భటుల్ని పిలిచాడు.

"భట్టుగారు వాడని దిండ్లు రెండూ ఇలా లాగండర్రా! నా పక్కన ఓబులమ్మకి ఆసనం వెయ్యాలి."